టీ చవకైతే తిరుగుబాటు ఎందుకు చేశారు? (అమెరికా, 1773)

న్యూజెర్సీ_పద్మ · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా వాడు ఐదో తరగతి. స్కూల్లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం నడుస్తోంది. నిన్న అన్నం తింటూ, "అమ్మా, టీ రేటు తగ్గిందట కదా, మరి సముద్రంలో ఎందుకు పారబోశారు?" అన్నాడు. నేను "పన్ను ఎక్కువేశారు నాన్నా" అన్నాను. పుస్తకం తెచ్చి చూపించాడు. నిజమే, 1773 చట్టంతో టీ చవకైందనే ఉంది. నా పరువు పోయింది.

ఇంకో చిక్కు. మనం చిన్నప్పుడు చదువుకున్న లెక్క వేరు. తెల్లవాళ్ళు వచ్చారు, మన నెత్తినెక్కారు, మనం దింపాం. ఇక్కడ తిరగబడ్డవాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే, అవతలివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే. అదే రాజు, అదే భాష, అదే మతం. మరి సొంత రాజ్యం మీద యుద్ధానికి దిగేంత ఏం జరిగింది? వచ్చే శుక్రవారం లోపు వాడికి చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా రాయండి.

బెజవాడ_బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:30

ఇందులో పెద్ద రహస్యం ఏముందమ్మా. అక్కడ తాగే టీలో చాలాభాగం డచ్చివాళ్ళ దగ్గర్నుంచి దొంగతనంగా దింపిన సరుకు. ఈస్టిండియా కంపెనీ టీ చవకైతే దొంగ సరుకు ఎవడు కొంటాడు? బోస్టన్ షావుకార్లకు కడుపు మండింది. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టారు. అయిపోయింది, థ్రెడ్ లాక్ చేసుకోవచ్చు.

పాతపుస్తకాల_పురుగు · శుక్రవారం రాత్రి 11:05

బాబాయ్, అంత తొందరగా లాక్ చేయకండి. మీరన్నది తప్పు కాదు గానీ, అది కథలో ఒక పేజీ మాత్రమే.

పద్మ గారూ, మీ వాడికి బందరు నుంచి మొదలుపెట్టి చెప్పండి. ఎగతాళి కాదు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి, ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న బందరు కోటను పట్టుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఉత్తర అమెరికాలో క్యుబెక్ కూడా ఫ్రెంచివాళ్ళ చేయి జారిపోయింది. రెండూ ఒకే యుద్ధం, ఏడేళ్ళ యుద్ధం. 1763లో బ్రిటన్ గెలిచింది. గెలిచాక ఖాతా పుస్తకం తెరిచి చూసుకుంటే గుండె గుభేలుమంది. యుద్ధానికి ముందు ఏడు కోట్ల పౌండ్ల పైచిలుకున్న అప్పు పదమూడు కోట్ల దాకా పోయింది. దాని మీద వడ్డీ. పైగా అమెరికాలో కొత్తగా వచ్చిన నేలను కాపాడటానికి దాదాపు పదివేల మంది సైనికుల్ని ఉంచాలనుకున్నారు. ఆ ఖర్చులో కొంతైనా అక్కడివాళ్ళు పెట్టుకోవాలన్నది లండన్ మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు తమాషా. చవకైతే కోపం రావడం 1773లో మొదలవలేదు. 1764లో షుగర్ చట్టం తెచ్చారు. అంతకుముందు విదేశీ మొలాసిస్ మీద, అంటే రమ్ము కాయడానికి వాడే బెల్లపు మడ్డి మీద, గాలనుకు 6 పెన్నీల సుంకం ఉండేది. దాన్ని 3 పెన్నీలు చేశారు, సగానికి సగం. అయినా గొడవే. ఎందుకంటే ఆ 6 పెన్నీలు ఎవరూ కట్టేవారు కాదు. కస్టమ్స్ ఆయన చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు దింపేసుకునేవారు. ఈ 3 పెన్నీలు మాత్రం నిజంగా వసూలు చేస్తామన్నారు, నౌకాదళాన్ని కాపలా పెట్టారు.

అంతకుముందు నూటయాభై ఏళ్ళ సంగతి చూస్తే ఇది ఎంత కొత్తదో తెలుస్తుంది. వర్జీనియాలో 1619 నుంచే సొంత సభ ఉంది. మసాచుసెట్స్‌లో ఊరూరా గ్రామసభ. రోడ్డు వేయాలన్నా, పంతులుకు జీతమివ్వాలన్నా వాళ్ళే కూర్చుని పన్ను వేసుకునేవారు. లండన్ చాలాకాలం చూసీచూడనట్టు వదిలేసింది. అలా వదిలేసిన తాడును ఒక్కసారి బిగించి లాగారు.

ఓరుగల్లు_వకీలు · శనివారం ఉదయం 7:48

పురుగు అన్న మంచిగ చెప్పిండు. నేను మా వృత్తి వైపు నుంచి ఒకటి కలుపుతా.

1765లో స్టాంపు చట్టం. దస్తావేజుకు స్టాంపు, వీలునామాకు స్టాంపు, కోర్టు కాగితానికి, వార్తాపత్రికకు, పంచాంగం లాంటి ఆల్మనాక్‌కు, చివరికి పేకాట ముక్కలకు, పాచికలకు కూడా. పేకల కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. కాలేజీ డిగ్రీ పట్టాకు 2 పౌండ్లు. ఇప్పుడు చూడండి, ఈ దెబ్బ ఎవరి మీద పడింది? వకీళ్ళ మీద, పత్రికలు అచ్చువేసేవాళ్ళ మీద, పేకాట జరిగే సత్రాల మీద. ఊళ్ళో నోరున్నవాళ్ళందరినీ ఏరి మరీ కొట్టినట్టు ఉంది. ఇంతకన్నా తెలివితక్కువ పన్ను ఎవరైనా కావాలని ఆలోచించినా తట్టదు.

దాన్ని ఇంగ్లండు నాణెంలో కట్టాలన్నారు. అమెరికాలో ఆ నాణెమే కరువు. కట్టనివాళ్ళ కేసు జ్యూరీ లేని అడ్మిరల్టీ కోర్టుకు పోవచ్చు. అంటే మీ ఊరివాళ్ళు పన్నెండు మంది కూర్చుని తీర్పు చెప్పే పద్ధతి పోయి, రాజు పెట్టిన జడ్జి ఒక్కడే తేలుస్తడు. వకీలుకు పన్ను కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటది.

బోస్టన్‌లో ఆగస్టు 14న స్టాంపులు అమ్మాల్సిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీసిండ్రు. 26న లెఫ్టినెంట్ గవర్నర్ హచిన్సన్ ఇంటి మీద పడి నాశనం చేసిండ్రు. పాపం ఆయన మసాచుసెట్స్ చరిత్ర రాసుకుంటుండె. ఆ రాతప్రతి వీధిలో బురదపాలైంది, ఒక పాస్టర్ కాగితాలు ఏరి తెచ్చిచ్చిండు. ఏడాది తిరిగేసరికి చట్టం రద్దు. కానీ రద్దు చేసినరోజే ఇంకో చట్టం పెట్టిండ్రు: ఏ విషయంలోనైనా సరే మీ మీద చట్టం చేసే హక్కు పార్లమెంటుకు ఉన్నది అని. చాలామంది పండగ చేసుకుంటూ దీన్ని పట్టించుకోలే.

బెజవాడ_బాబాయ్ · శనివారం ఉదయం 9:20

సరే, అయినా నా అనుమానం తీరలేదు. అప్పట్లో ఇంగ్లండులో మామూలు మనిషి కట్టే పన్నులో అమెరికా వాడు కట్టేది ఎన్నో వంతు? ఎన్నోరెట్లు తక్కువ. ఫ్రెంచివాళ్ళ బెడద పోయింది ఎవరి ధర్మమా అని? యుద్ధం చేసిపెడితే ఖర్చు పెట్టుకోరట, పార్లమెంటుకు ఓటు లేదు కాబట్టి పన్ను కట్టరట. ఇంగ్లండులో మాత్రం అందరికీ ఓటుందా? మాంచెస్టర్‌కు ఒక్క ఎంపీ లేడు. ఓల్డ్ సేరమ్ అని మనుషులే లేని పాతదిబ్బకు మాత్రం ఇద్దరు ఎంపీలు. మాంచెస్టర్ వాడు తుపాకీ పట్టాడా?

కడప_కామేశ్వరి · శనివారం మధ్యాహ్నం 2:15

బాబాయ్ గారి ప్రశ్న బాగుంది. నాకు చరిత్ర పెద్దగా రాదు కానీ మా అపార్ట్‌మెంట్ గొడవ చెప్తాను, సరిపోతుందేమో చూడండి.

మేం చేరిన కొత్తలో బిల్డర్ పట్టించుకునేవాడు కాదు. మేమే నలభై ఇళ్ళవాళ్ళం కూడి నెలనెలా డబ్బులేసుకుని వాచ్‌మన్‌కు జీతం ఇచ్చుకున్నాం. మోటారు కాలిపోతే అర్ధరాత్రి లేచి మేమే చూసుకున్నాం. ఆరేళ్ళ తర్వాత బిల్డర్ తాలూకు మేనేజర్ ఒకాయన వచ్చి, "ఇకపై మెయింటెనెన్స్ మేమే చూస్తాం, మీకు 200 తగ్గుతుంది" అన్నాడు. అందరూ సంతోషించాలి కదా? మీటింగులో కుర్చీలు విరిగినంత పనైంది.

ఏమైందంటే, మేం జీతమిచ్చినన్నాళ్ళు వాచ్‌మన్ మా మాట వినేవాడు. మేనేజర్ జీతం ఇవ్వడం మొదలుపెట్టిన నెల నుంచి మా స్కూటర్ ఎక్కడ పెట్టాలో అతనే మాకు చెప్పడం మొదలుపెట్టాడు. 200 తగ్గిన సంగతి ఎవరికీ గుర్తులేదు. అప్పటిదాకా పలకరింపుల్లేని మూడో అంతస్తు, ఐదో అంతస్తు వాళ్ళు కూడా ఆ దెబ్బతో ఒకటైపోయారు.

మాంచెస్టర్ వాడికి ముందునుంచీ ఏమీ లేదు కాబట్టి పోయిందీ ఏమీ లేదు. వీళ్ళకు ఉన్నది పోతోంది. అంతేనా?

పాతపుస్తకాల_పురుగు · శనివారం సాయంత్రం 6:40

కామేశ్వరి గారూ, మీరు చరిత్ర రాదంటూనే అసలు గుట్టు పట్టేశారు. మీ వాచ్‌మన్ స్థానంలో గవర్నర్‌ను పెట్టుకోండి.

మసాచుసెట్స్‌లో గవర్నర్‌ను పంపేది రాజు, జీతమిచ్చేది మాత్రం స్థానిక సభ. అదీ ఏడాదికోసారి. మాట వినకపోతే జీతం ఆలస్యం. 1767లో టౌన్‌షెండ్ అనే మంత్రి గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశాడు. ఆ డబ్బుతో ఏం చేయాలన్నాడో చూడండి: గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు. అంటే మీ డబ్బు తీసుకుని, మీ సభ చేతిలోంచి పగ్గం లాగేసుకోవడం. ఈ సుంకాల మీద గొడవలకే బోస్టన్‌లో సైన్యం దిగింది. జీతం చాలని సిపాయిలు తీరిక వేళల్లో తక్కువ కూలికి తాళ్ళు పేనే పనికి పోతే అక్కడి కూలీలకు మండింది. 1770 మార్చి 2న తాళ్ళ కార్ఖానా దగ్గర కొట్టుకున్నారు. మూడు రోజులకు, మార్చి 5న, కాల్పుల్లో ఐదుగురు పోయారు. అదే ఏడాది మిగతా సుంకాలన్నీ ఎత్తేసి టీ మీద ఒక్కటే ఉంచారు, పౌనుకు 3 పెన్నీలు. డబ్బు కోసం కాదు, మాకు హక్కుందని చూపించడానికి.

ఇక 1773. ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంది. గోదాముల్లో టీ గుట్టలుగా పడి ఉంది. దాన్ని ఇంగ్లండు సుంకం లేకుండా నేరుగా అమెరికాకు పంపుకోమన్నారు. కాబట్టి చవక. కానీ ఆ 3 పెన్నీలు మాత్రం అలాగే ఉంచారు. చవక సరుకు ఆశకు కొనేస్తే, కొన్న ప్రతివాడూ పార్లమెంటు పన్నుకు ఒప్పుకున్నట్టే. పైగా టీ అమ్మే ఏజెన్సీ కొందరికే. బోస్టన్ ఏజెంట్లలో ఇద్దరు, అప్పటికి గవర్నరైన హచిన్సన్ గారి కొడుకులే. ఇది విన్నాక బాబాయ్ గారి దొంగసరుకు షావుకారికీ, వీధిలో మామూలు కూలివాడికీ మధ్య తేడా ఏముంటుంది?

డిసెంబర్ 16 రాత్రి మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టారు. అప్పుడు సముద్రం పాటు మీద ఉంది, నీళ్ళు తక్కువ. పోసిన ఆకు మునగకుండా గడ్డివాముల్లా గుట్టలుగా లేచిందట, కుర్రాళ్ళు దాన్ని పక్కలకు తోయాల్సొచ్చింది. ఒకాయన కోటు లోపల టీ ఆకు దోపుకుంటూ దొరికిపోయాడు. కోటు ఊడబీకి తరిమారు. తెల్లారాక కూడా తేలుతున్న ఆకును పడవల్లో వెళ్ళి తెడ్లతో కొట్టి ముంచారు. కంపెనీ చెప్పిన నష్టం 9,659 పౌండ్లు.

న్యూజెర్సీ_పద్మ · శనివారం రాత్రి 8:02

గడ్డివాముల సంగతి వాడికి చెప్తే ఎగిరి గంతేశాడు. వెంటనే ఇంకో ప్రశ్న: అది అస్సాం టీయా అని. ఈస్టిండియా కంపెనీ కదా మరి.

సింగపూర్_సుబ్బు · శనివారం రాత్రి 8:31

కాదండీ, చైనా టీ. అస్సాం తోటలు అప్పటికి లేవు, అవి పందొమ్మిదో శతాబ్దం సంగతి. పారబోసిన వాటిలో ఎక్కువభాగం బోహీ అనే నల్ల రకం.

మనకు సంబంధం వేరేచోట ఉంది. 1770 నాటి బెంగాల్ కరువు కబుర్లు అమెరికా దాకా వెళ్ళాయి. పెన్సిల్వేనియా లాయరు జాన్ డికిన్సన్ 1773లో టీ గొడవ మీద రాస్తూ, ఈ కంపెనీ బెంగాల్లో జనాన్ని ఆకలికి చంపిందని, రేపు మన మీద పడుతుందని హెచ్చరించాడు. అటు పెన్సిల్వేనియా వాళ్ళు ఒక యుద్ధ నౌకకు హైదర్ అలీ పేరు పెట్టుకున్నారు. 1782లో అది ఒక బ్రిటిష్ ఓడను పట్టుకుంది కూడా.

కడప_కామేశ్వరి · శనివారం రాత్రి 9:10

అమెరికా యుద్ధంలో, యార్క్‌టౌన్‌లో 1781లో ఓడిన కారన్‌వాలిస్సే కదా తర్వాత మన గవర్నర్ జనరలై టిప్పుతో యుద్ధం చేసి, శాశ్వత శిస్తు పెట్టింది? అక్కడ ఓడినవాణ్ణి ఇక్కడికి పంపారు. మన ఖర్మ.

సీలేరు_శ్రీను · ఆదివారం ఉదయం 10:25

అందరూ టీ, స్టాంపు, గవర్నర్ జీతం అంటున్నారు. నేను కొంచెం చేదు మాట చెప్తా, ఏమనుకోకండి.

1763 అక్టోబరులో రాజు ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండలు దాటి పడమటకు ఎవరూ వెళ్ళి స్థిరపడొద్దు, అది అక్కడి ఆదివాసీల నేల అని. ఆదివాసుల మీద ప్రేమతో కాదు, మళ్ళీ యుద్ధమొస్తే ఖర్చని. మరి జార్జ్ వాషింగ్టన్ ఏం చేశాడు? 1767లో తన సర్వేయరు క్రాఫర్డ్‌కు ఉత్తరం రాశాడు: ఈ గీత ఆదివాసుల్ని శాంతపరచడానికి పెట్టిన తాత్కాలిక ఏర్పాటు, మంచి భూములు చూసి గుర్తుపెట్టు, సంగతి బయటికి పొక్కనీకు అని. నేను ఏజెన్సీ ప్రాంతంవాణ్ణి. ఈ రకం ఉత్తరాల వాసన మాకు దూరం నుంచే తెలుస్తుంది.

ఇక స్వేచ్ఛ. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి వచ్చి రాజు తరఫున ఆయుధం పడితే విముక్తి ఇస్తానన్నాడు. అతనిదీ పుణ్యం కాదు, యుద్ధతంత్రమే. కానీ అప్పటిదాకా ఊగిసలాడుతున్న తోటల యజమానులు చాలామంది ఆ ప్రకటనతో అటువైపు గట్టిగా తిరిగిపోయారు. స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద రాసిన ఫిర్యాదుల చిట్టాలో చివరిది ఇదే: మా ఇళ్ళలో తిరుగుబాట్లు రేపాడు, మా సరిహద్దుల మీదికి ఆదివాసుల్ని ఉసిగొల్పాడు అని. లండన్‌లో శామ్యూల్ జాన్సన్ అనే రచయిత అప్పుడే అడిగాడు, బానిసల్ని తోలేవాళ్ళ నోటినుంచే స్వేచ్ఛ కేకలు ఇంత గట్టిగా ఎందుకు వినిపిస్తున్నాయని. జవాబు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

ఓరుగల్లు_వకీలు · ఆదివారం మధ్యాహ్నం 12:50

శ్రీను తమ్ముడి మాటకు అడ్డం చెప్పను, అది నిజమే. కానీ వర్జీనియా దొరల లెక్క వేరు, మసాచుసెట్స్ రైతుల లెక్క వేరు. అందరికీ ఒకే కారణం అంటగడితే ఏదీ అర్థం కాదు.

టీ పారబోసినందుకు 1774లో బోస్టన్ రేవు మూసేసిండ్రు. దానితో పాటు వచ్చిన ఇంకో చట్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మసాచుసెట్స్ పాలన చట్టం. సభ ఎన్నుకునే కౌన్సిల్‌ను ఇకపై రాజు నియమిస్తడు. గ్రామసభ గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒక్కసారికి మించి జరగొద్దు. పల్లెలో రైతుకు టీ మీద 3 పెన్నీలు పెద్ద విషయం కాదు. కానీ ఊరి చర్చిలో కూర్చుని చెయ్యెత్తే హక్కు పోయింది.

1774 సెప్టెంబర్ 6, వూస్టర్ అనే ఊరు. కొత్త చట్టం కింద కోర్టు తెరవాల్సిన రోజు. చుట్టుపక్కల 37 ఊళ్ళ నుంచి 4,622 మంది వచ్చి వీధికి రెండువైపులా ఊరి వారీగా నిలబడ్డరు. జడ్జీలు, కోర్టు అధికారులు టోపీలు తీసి చేతబట్టుకుని ఆ వరసల మధ్య నడవాలె. నడుస్తూ, "ఈ చట్టం కింద పనిచేయం" అని చదవాలె. వెనకున్నవాళ్ళకు వినబడకపోతే మళ్ళీ చదవాలె. ముప్పై సార్లకు పైనే చదివించిండ్రు. ఒక్క తూటా పేలలే, ఒక్కడికి గాయం కాలే. కోర్టు మూతబడ్డది, రాజు అధికారం ఆ జిల్లాలో ఆ సాయంత్రానికి అయిపోయింది. లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది దీనికి ఏడు నెలల తర్వాత. నన్నడిగితే విప్లవం ఇక్కడే అయిపోయింది, మిగిలింది యుద్ధం.

ఒక వకీలుగా ఆ జడ్జీల స్థానంలో నన్ను ఊహించుకుంటే మాత్రం చెమటలు పడ్తయి.

సింగపూర్_సుబ్బు · ఆదివారం రాత్రి 9:44

ఇంతసేపూ "ఎందుకు తిరగబడ్డారు" అనే అడుగుతున్నాం. తిప్పి అడుగుదాం. అప్పటికి ఉత్తర అమెరికా, కరీబియన్ దీవులు కలిపి బ్రిటన్‌కు దాదాపు 26 కాలనీలు. తిరగబడ్డవి 13. మిగతా సగం ఎందుకు కిమ్మనలేదు?

జమైకాను తీసుకోండి. అక్కడా ఇంగ్లీషువాళ్ళే, అక్కడా సొంత సభ ఉంది, అదే స్టాంపు పన్ను. వాళ్ళు గొణుక్కుంటూ కట్టేశారు. 1774 డిసెంబరులో జమైకా సభ రాజుకు ఒక విన్నపం పంపింది. హక్కుల విషయంలో అమెరికావాళ్ళు చెప్పేదే చెప్పింది. చెబుతూనే, మా దీవిలో బానిసల సంఖ్య వల్ల మేం ఎదిరించే స్థితిలో లేమని కూడా రాసింది. అక్కడ తెల్లవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా కాదు. 1760లో టాకీ నాయకత్వంలో బానిసలు తిరగబడితే చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. బోస్టన్ వాడు సైన్యాన్ని పొమ్మంటుంటే, జమైకా వాడు ఇంకో రెజిమెంటు పంపమని బతిమాలుతున్నాడు. పైగా వాళ్ళ చక్కెరకు ఇంగ్లండులో కట్టుదిట్టమైన మార్కెట్టు. పెద్ద తోటల యజమానులు లండన్‌లోనే కాపురం, కొందరు ఏకంగా ఎంపీలు.

క్యుబెక్‌లో ఇంకో రకం. 1774లో అక్కడి కేథలిక్కులకు మతం, ఫ్రెంచి చట్టం అలాగే ఉంచుకోమన్నారు. 1775లో అమెరికావాళ్ళు "విముక్తి" చేయడానికి సైన్యంతో వెళ్తే, ఎక్కువమంది తలుపులేసుకుని చోద్యం చూశారు.

బెజవాడ_బాబాయ్ · ఆదివారం రాత్రి 10:05

అంటే కోపం అందరికీ ఉంది, సైన్యం అవసరం లేనివాడే తిరగబడ్డాడు. ఫ్రెంచివాడు కెనడాలో ఉన్నన్నాళ్ళు బోస్టన్ వాడికి రాజు కావాలి. 1763 తర్వాత అక్కర తీరింది. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే.

పాతపుస్తకాల_పురుగు · ఆదివారం రాత్రి 10:50

తెప్ప తగలేశారన్నది కొంతవరకు ఒప్పుకుంటాను బాబాయ్. కానీ తగలేయడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1775 జులైలో, లెక్సింగ్టన్‌లో రక్తం చిందాక కూడా, కాంగ్రెస్, అంటే కాలనీల ప్రతినిధుల సభ, రాజుకు చేతులు జోడించి అర్జీ పంపింది. పార్లమెంటు చెడ్డది, మంత్రులు చెడ్డవాళ్ళు, రాజుగారు మంచివాడు అన్న నమ్మకం. ఊళ్ళో పెత్తందార్ల మీద పట్నంలో కలెక్టరుకు అర్జీ పెట్టుకోవడం మనకు తెలియనిదా. రాజు ఆ అర్జీ తీసుకోలేదు, ఆగస్టులో తిరుగుబాటుదారులని ప్రకటించాడు. తర్వాత 1776 జనవరిలో థామస్ పెయిన్ చిన్న పుస్తకం వచ్చాకే, అసలు రాజే ఎందుకు అనే మాట జనం బాహాటంగా అనడం మొదలైంది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతి చూడండి. లండన్‌లో ఏళ్ళ తరబడి ఉండి, సామ్రాజ్యం విడిపోకూడదని తాపత్రయపడ్డవాడు. 1774 జనవరి 29న ప్రివీ కౌన్సిల్ (రాజుగారి సలహా సభ) ముందు నిలబెట్టి, వెడ్డర్‌బర్న్ అనే ప్రభుత్వ లాయరు దాదాపు గంటసేపు దొంగ అన్నట్టు తిట్టాడు. చుట్టూ ప్రభువులు పగలబడి నవ్వుతున్నారు. ఫ్రాంక్లిన్ వెల్వెట్ సూటులో, మొహంలో కండరం కదలకుండా నిలబడ్డాడు. నాలుగేళ్ళ తర్వాత, 1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో ఫ్రాన్స్‌తో పొత్తు సంతకం చేసేటప్పుడు అదే సూటు బయటికి తీసి వేసుకున్నాడు. అన్నట్టు ఆయన కొడుకు విలియం చివరిదాకా రాజు పక్షమే. మీ న్యూజెర్సీకి గవర్నరే పద్మ గారూ. తండ్రీకొడుకుల మధ్య మళ్ళీ సయోధ్య కుదరనే లేదు.

చీరాల_చిన్నోడు · సోమవారం ఉదయం 6:55

ఇంతమంది రాశారు, మా చీరాల-పేరాల పేరు ఒక్కరూ ఎత్తలేదు. మునిసిపాలిటీ వద్దు, పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి బయట రామనగర్‌లో పాకలేసుకున్నారు, 1921లో. మా ముత్తాతా వెళ్ళాడు. బోస్టన్ వాళ్ళు టీ పారబోశారు, మావాళ్ళు ఊరే ఖాళీ చేశారు.

మోడరేటర్ · సోమవారం ఉదయం 8:10

చిన్నోడు గారూ, చాలా మంచి విషయం. కానీ ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి. విడిగా థ్రెడ్ తెరవండి, పైన పిన్ చేస్తాను. మీ ముత్తాత గారి గురించి ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అడిగి రాయండి.

ఓరుగల్లు_వకీలు · సోమవారం రాత్రి 9:30

ఒక సాక్ష్యం గుర్తొచ్చింది. 1775 ఏప్రిల్ 19న, లెక్సింగ్టన్ రోజున, పోరులోకి పోయిన లెవీ ప్రెస్టన్ అనే ముసలాయన, డాన్వర్స్ ఊరు. తొంభై ఒక్క ఏళ్ళప్పుడు ఆయన్ను చేంబర్లెన్ అనే కుర్రాడు అడిగిండట. స్టాంపు చట్టం బాధ వల్లనా? నేనెన్నడూ స్టాంపు మొహం చూడలే అన్నడు. టీ పన్నా? ఆ నీళ్ళు నేను చుక్క కూడా తాగలే, కుర్రాళ్ళు పారబోసిండ్రు కదా. అయితే స్వేచ్ఛ మీద పెద్దపెద్దవాళ్ళ పుస్తకాలు చదివిండ్రా? వాళ్ళెవరో నాకు తెల్వదు, మేం చదివింది బైబిలు, ప్రార్థన గీతాలు, పంచాంగం. మరి ఎందుకు పోయిండ్రు? మమ్మల్ని మేమే ఏలుకున్నం ఎప్పుడూ, అట్లనే ఏలుకోవాలనుకున్నం, వాళ్ళు వద్దన్నరు.

సీలేరు_శ్రీను · సోమవారం రాత్రి 9:52

బాగుంది అన్నా, కానీ యుద్ధం అయిన అరవై డెబ్బై ఏళ్ళకు చెప్పిన మాట. విన్నాయన దాన్ని అచ్చువేసింది ఇంకా ఎన్నో ఏళ్ళకు. అంత చక్కగా, వరసగా ముసలివాళ్ళు మాట్లాడతారా? మా తాత ఒక సంగతి మొదలుపెడితే మూడు పెళ్ళిళ్ళు, ఒక ఎద్దు మధ్యలో వస్తాయి.

ఓరుగల్లు_వకీలు · సోమవారం రాత్రి 10:01

క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు, ఒప్పుకుంటున్నా. కానీ వూస్టర్ వీధిలో నిలబడ్డ 4,622 మంది లెక్క అప్పటిదే, ఊరి వారీగా రాసి ఉంది.

పాతపుస్తకాల_పురుగు · మంగళవారం రాత్రి 11:15

అందరూ ఏలుకోవాలని పోలేదు లెండి. న్యూయార్క్‌లో హడ్సన్ నది వెంట లివింగ్‌స్టన్ అనే జమీందారీ ఉంది. జమీందారు కుటుంబం తిరుగుబాటు పక్షం. కాబట్టి 1777లో కౌలుదార్లు రాజు పక్షాన లేచారు. రాజు గెలిస్తే దున్నుతున్న భూమి తమదవుతుందని ఆశ. అణచేశారు.

ఇక శ్రీను గారి ప్రశ్నకు ఒక మనిషి కథ. హ్యారీ వాషింగ్టన్. పేరు చూసే ఉంటారు, జార్జ్ వాషింగ్టన్ బానిస. ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయి బ్రిటిష్ వైపు చేరాడు. 1783లో న్యూయార్క్ రేవులో ఓడలెక్కిన దాదాపు మూడువేల మంది నల్లవాళ్ళ పేర్లు ఒక చిట్టాలో రాశారు. అందులో ఇతనున్నాడు: వయసు 43, ఏడేళ్ళ క్రితం జనరల్ వాషింగ్టన్‌ను వదిలి వచ్చినవాడు. నోవా స్కోషియాకు పంపారు. చలి, బీడు నేల. 1792లో అక్కడినుంచి ఆఫ్రికాలో సియెరా లియోన్‌కు వెళ్ళి ఫ్రీటౌన్ కట్టినవాళ్ళలో ఒకడయ్యాడు.

అక్కడా ఏలేది ఒక కంపెనీయే. భూమి ఉచితమని చెప్పి తీసుకెళ్ళి, తర్వాత శిస్తు కట్టమంది. వీళ్ళు మేం కట్టం అన్నారు. 1800లో సొంత చట్టాలు రాసి ఊళ్ళో అంటించి తిరగబడ్డారు. సరిగ్గా అదే సమయానికి, జమైకాలో ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళతో పోరాడి దేశాంతరం పాలైన మరూన్లు, అంటే పారిపోయిన బానిసల సంతతి, ఓడలో దిగారు. వాళ్ళను, సైనికుల్ని ఉపయోగించి కంపెనీ అణచేసింది. ఇద్దరిని ఉరితీశారు. హ్యారీని ఏటి అవతలి ఒడ్డుకు వెళ్ళగొట్టారు. జార్జ్ వాషింగ్టన్ చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

సీలేరు_శ్రీను · బుధవారం ఉదయం 7:20

ఇది నాకు తెలియదు. రెండుసార్లు చదివాను.

న్యూజెర్సీ_పద్మ · శుక్రవారం సాయంత్రం 5:36

అందరికీ థాంక్స్. ఇవాళ క్లాసులో ఒక్కొక్కరు ఒక పాత్రలా నిలబడి మాట్లాడాలట. సగం మంది పిల్లలు వాషింగ్టన్, మిగతా సగం టీ పారబోసినవాళ్ళు. నేను హ్యారీని తీసుకోమన్నాను, అది నోటికి రాదమ్మా పెద్దకథ అన్నాడు. చివరికి లివింగ్‌స్టన్ గారి కౌలుదారుగా వెళ్ళాడు. టీచర్ "అయితే నీకు రాజంటే ఇష్టమా?" అని అడిగారట. "రాజెవరో నాకు తెలీదు, ఈ చేను నాదని రాసిస్తే చాలు" అన్నాడట. క్లాసంతా నవ్వారట, టీచర్ నవ్వలేదట.

కామేశ్వరి గారూ, ఇంతకీ మీ వాచ్‌మన్ సంగతి ఏమైంది?

కడప_కామేశ్వరి · శుక్రవారం రాత్రి 8:14

మానేసి వెళ్ళిపోయాడండీ. మేనేజర్ రెండు నెలలుగా జీతం ఇవ్వలేదట. రేపు ఆదివారం మళ్ళీ మీటింగు, కుర్చీలు ఎవరింటివి వాళ్ళే తెచ్చుకోవాలని నోటీసు పెట్టారు.